పన్నెండు గ్లాసుల మజ్జిగ

2023 నవంబరు 13. ఆ మధ్యాహ్నం ఏజెంట్ దేవీప్రసాద్ అనకాపల్లిలో ఒక మెస్సులో వెన్న కలిపిన ఉలవచారుతో వేడి అన్నం తిన్నాడు. తేదీ అంత గట్టిగా గుర్తుండిపోవడానికి కారణం, తర్వాత చాలా నెలలు ఉలవల వాసనకే అతనికి వెన్ను జలదరించేది. రెండో ముద్ద నోట్లో ఉండగా ఫోన్ మోగింది.

డైరెక్టర్ అప్పలనరసింహం బ్రీఫింగ్ నిమిషంలో ముగించాడు. ఉలవల ప్రొటీన్‌ను ఎంజైములతో చిన్న ముక్కలుగా విడగొడితే వచ్చే పెప్టైడ్లు తిండి తర్వాత రక్తంలో పెరిగే చక్కెరను మెల్లగా అదుపు చేస్తున్నాయని మన ల్యాబ్ ఒకటి కనిపెట్టింది. ఆ పొడికి తొలి ట్రయల్ రేపు కశింకోటలో. దాన్ని పాడుచేయడానికి 'ఆర్కిడ్' అనే విదేశీ ముఠా దిగింది. సుగర్ పేషెంట్ వేషంలో లోపల కూర్చోవాలి. ట్రయల్ నడిపే డాక్టర్ ఉషశ్రీ మన మనిషే.

"కోడ్?"

"గుగ్గిళ్ళు ఉడికాయా అని అడుగు. ఉప్పు చాల్లేదంటుంది."

మర్నాడు ఉదయం నెమలికంఠం రంగు పట్టుచీరలో ఉషశ్రీ నవ్వుతూ ఆ మాటే అంది. హాల్లో అతనితో కలిపి పన్నెండు మంది పేషెంట్లు, అందరూ పరగడుపునే వచ్చారు. ఆమె పొడి కలిపిన మజ్జిగ తాగించి, ఫోన్లు తీసుకుని, రెండు గంటలు ఎవరూ ఏమీ తినకూడదని చెప్పి తలుపుకు లోపలి నుంచి తాళం వేసింది.

గంట దాటేసరికి దేవీప్రసాద్‌కు చెమటలు పట్టాయి. చేతులు వణికాయి. గుండె దడదడలాడింది. సర్వీసులో ఇరవై ఏళ్ళయినా భయం అతన్ని వదల్లేదు. ఇదీ అదేననుకుని పళ్ళు బిగించాడు. ఎదురు బల్ల మీద పోతురాజు అనే ముసలి రైతు తల వాల్చేశాడు. మిగతా తొమ్మిదిమందీ అలాగే తూలుతున్నారు. పక్కన కూర్చున్న మరిడమ్మ ఒక్కతే నిటారుగా ఉంది. ఆమెది బెల్లం వండే పని.

"ఏటి బాబూ, అలగ ఒణికిపోతన్నావు?"

"నువ్వేమైనా తిన్నావా అమ్మా?"

ఆమె గొంతు తగ్గించింది. "ఉపాసమే అన్నారు. తెల్లారగట్ల పొయ్యి కాడికెల్లేను. నాలిక మీద ఎయ్యకుండా పాకం ఎలగ సూత్తాం? సెయ్యి ఊరుకోదు. ఇంత ముద్ద మింగేసేను. డాట్రమ్మకి సెప్పకు."

అతను వాచీ చూశాడు. చేతికి అంటించిన సెన్సర్ దానికి రీడింగ్ పంపుతుంది. సుగర్ నలభై ఆరు. డెబ్భై కంటే తగ్గితేనే ప్రమాదం. ఇది భయం కాదు. ఉలవల పెప్టైడ్ ఇంత వేగంగా మనిషిని పడగొట్టదు. పొడి మార్చేశారు. మజ్జిగలో ఉన్నది సుగర్‌ను పాతాళానికి తొక్కే మందు. రేపు పేపర్లలో మాత్రం ఉలవల మందు తాగి పన్నెండు మంది చచ్చారని వస్తుంది.

లేవబోయాడు. ఉషశ్రీ చేతిలో చిన్న పిస్తోలు.

"కూర్చోండి దేవీగారూ. ఇంకో పావుగంట ఓపిక పట్టండి."

బయటికి సంకేతం పంపే వాచీ మీట నొక్కడానికి వేలు మూడుసార్లు తప్పింది. నాలుగోసారి పడింది. బయట షేర్ ఆటో డ్రైవర్ వేషంలో ఉన్న ఏజెంట్ కన్నబాబు ఆటోతో సహా తలుపు బద్దలుకొట్టుకుని లోపలికొచ్చాడు. పిస్తోలు పేలింది. గుండు గోడలో దిగింది. ఉషశ్రీ చేయి కన్నబాబు పట్టులో చిక్కింది.

"బెల్లం," అన్నాడు దేవీప్రసాద్.

మరిడమ్మ అడగలేదు, ఆలోచించలేదు. కూతురికని సంచిలో తెచ్చిన కొత్త బెల్లం నేలకేసి కొట్టి తలా ఒక ముక్క నోట్లో పెట్టింది. స్పృహ లేని పోతురాజును పక్కకు తిప్పి, పాకం చూసే వేలితోనే తడిపిన బెల్లం చిగుళ్ళకు రాసింది. కాసేపటికి అతని పెదవులు కదిలాయి. ఆ వేలి మీది కాయలు చూస్తూ దేవీప్రసాద్ ఏడ్చేశాడు.

చీకటిపడేవేళకు పన్నెండు మందీ ఆసుపత్రి వార్డులో ఉన్నారు. సుగర్ మళ్ళీ పడిపోవచ్చని రాత్రంతా గ్లూకోజ్ ఎక్కించమన్నారు. అసలు పొడి ఉషశ్రీ కారులో దొరికింది. డైరెక్టర్ ఫోన్ చేశాడు.

"విరుగుడుగా ఏం వాడావని రాయను?"

"బెల్లం సార్."

"సుగర్ పేషెంట్లకా?"

"అనకాపల్లి సార్ ఇది. ఇక్కడ పథ్యం పాటించినవాళ్ళే పడిపోయారు."

"నెమ్మదిగా మాటాడు బాబూ," అంది మరిడమ్మ. "ముసిలాయనకి ఇప్పుడే కునుకు పట్టింది." వార్డు తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేసింది.