ఏడు కోటల టూరు

డేరా రేవులో అబ్రా పడవ దిగి మెట్టెక్కుతుండగానే ఏజెంట్ అబ్బులు కూలిపోయాడు. చప్పుడు లేని పిస్టల్. ఏజెంట్ గౌసియా పరుగున వెళ్ళి అతని తల ఒళ్ళోకి తీసుకుంది.

"చిప్... కోటల టూరులో పోతంది చెల్లెమ్మా..."

అంతే.

గంట తర్వాత షార్జా రోలాలో, టైలర్ షాపు వెనక గదిలో చీఫ్ హయాత్ బాషా ఫ్యాన్ కింద కూడా చెమట తుడుచుకుంటున్నాడు. 2006 జూలై.

"ఆ చిప్‌లో మన ఏజెంట్లు పద్నాలుగు మంది పేర్లున్నాయి. ఇంగ్లండులో మొదటి కోట టికెట్ కౌంటర్ దగ్గర శత్రు ముఠా అందుకుంటుంది. రేపటికి అందరూ ఖలాస్."

"నా పేరుందా సాబ్?"

"లేదు. మీ అన్న అజ్మల్ పేరుంది."

గౌసియా లేచి నిలబడింది. "అన్నకి కబురు చెయ్యండి!"

"నిన్న కల్బా రేవులో పడవెక్కాడు. ఫోన్ అందదు. టూరు బస్సు ఈ రోలా నుంచే ఒంటిగంటకు ఎయిర్‌పోర్టుకి కదులుతుంది, ఇప్పుడు పన్నెండున్నర. గైడ్ అల్మాస్ మన మనిషే. యల్లా, బయల్దేరు!"

క్లీనర్ యూనిఫాంలో, చీపురుతో గౌసియా బస్సెక్కింది. డ్రైవర్ పక్కన నల్లకళ్ళద్దాలు, ఎర్ర స్కార్ఫ్, చేతిలో మైకు. అల్మాస్ మెరిసిపోతోంది.

"మొదటి కోట చుట్టూ నీళ్ళ కందకం! నాలుగో రోజు చూసే బంగళాలో నూట ఇరవై గదులు. కుర్చీల్లో మాత్రం కూర్చోకండి, ముళ్ళకాయ పెట్టి ఉంచుతారు!"

టూరిస్టులు నవ్వారు. గౌసియా ఆమె దగ్గరికి జరిగింది. "కోటలో చలా?"

"శాలువా తెచ్చుకున్నాను." కోడ్ సరిపోయింది. అల్మాస్ గుసగుసలాడింది. "వెనక సీటు, ఆకుపచ్చ సూట్‌కేసు."

చిప్‌ని పసిగట్టే పెన్ డిటెక్టర్ ఎండకు ఎప్పుడో చచ్చింది. గౌసియా చేత్తోనే సూట్‌కేసు లైనింగ్ చించింది. ఏమీ లేదు. పన్నెండు యాభై రెండు. సూట్‌కేసు మూసేసింది. మన మనిషి తప్పుదారి ఎందుకు పట్టించింది?

కిందికి దూకింది. కోటల మధ్య కూడా పప్పన్నమే కావాలనే టూరిస్టుల కోసం వంటమనిషి భోజన్న వెంట వెళ్తున్నాడు. తాళ్ళతో బిగించిన అట్టపెట్టెలు డిక్కీలోకి ఎక్కిస్తున్నాడు.

"అన్నా, ఇవన్నీ నువ్వే కట్టావా?"

"నేను గాక ఎవరు కడ్తరక్కా? ఓపారి కార్గోల నా డబ్బా మాయమైంది. గప్పటిసంది ఆరు దిక్కుల పేరు రాస్త."

గౌసియా ఒక్కో పెట్టే తిప్పింది. ఒకదానికి పైన మాత్రమే పేరుంది. మిగతా అయిదు వైపులా ఖాళీ.

"గిది నాది గాదక్కా!"

అట్ట చించింది. గోంగూర సీసా. వేళ్ళు ముంచింది. ప్లాస్టిక్ చుట్టిన, గోరంత చిప్!

పక్కటెముకలకు పిస్టల్ తగిలింది.

"ఇటివ్వు. జల్దీ," అంది అల్మాస్. "అబ్బులు కూడా నీలాగే మొండికేశాడు."

పారిపోయే దారి లేదు. గౌసియా చిప్ నోట్లో వేసుకుని కొరికింది. విరగలేదు. అల్మాస్ వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది.

యా అల్లా, అన్న!

మళ్ళీ కొరికింది. ఫట్!

"ఓ దొంగదానా, నా సామాన్లకే వచ్చినవా!" భోజన్న పది కిలోల బియ్యం పెట్టె అల్మాస్ చేతి మీదికి విసిరేశాడు. పిస్టల్ ఎగిరి పడింది. రోలా జనం మీదపడి ఆమెను పట్టుకున్నారు.

గౌసియా ఫుట్‌పాత్ మీద కూలబడి చిప్ ముక్కలు ఉమ్మేసింది. ఏడుపు ఆగలేదు. ఫోన్ మోగింది, టైలర్ షాపు గుమ్మంలోంచి అంతా చూసిన చీఫ్.

"షాబాష్ బేటీ! కానీ నలభై మందికి గైడ్ లేదు. కౌంటర్ దగ్గరవాణ్ణీ పట్టుకోవాలి. వీసా ఉన్న పాస్‌పోర్టు ఎయిర్‌పోర్టుకి పంపుతున్నా, నువ్వే బస్సెక్కు."

"సాబ్, ఉదయగిరి కోట తప్ప నేను ఏ కోటా చూడలేదు!"

"ఫర్వాలేదు. అక్కడా రాజులే చచ్చారు. తేదీలు మార్చి చెప్పు."