బొరుగుల పొయ్యి మీద మేంపాలం

ముత్తియాల్‌పేటలో లోకనాథన్ ఇంటి ముందు బాణలిలో ఇసుక కాగిందంటే ఆ వీధికి తెల్లవారినట్టే లెక్క. ఉప్పునీళ్ళు పట్టించిన బియ్యం గుప్పెడు అందులో పడగానే చిటపటమంటూ తెల్లగా పొంగి పైకి లేచేవి. ఆ పొయ్యి ఆయన తండ్రి కట్టింది. దాని పొగలోనే లోకనాథన్ పుట్టాడు, పెరిగాడు, అలివేలుని పెళ్ళి చేసుకున్నాడు, ఒక్కగానొక్క కూతురు గిరిజని చదివించాడు. మనిషికి కోపం జాస్తి. పొద్దస్తమానం నిప్పు ముందు నిలబడేవాడికి కోపం కాక మరేం వస్తుందని ఆయనే అనేవాడు.

ఆ శుక్రవారం పొద్దున గిరిజ జల్లెడ పట్టుకుని మేడమెట్లు దబదబా దిగుతుంటే కిందనుంచి కేకేశాడు.

"మెల్లగా రా మా! ఏంది అంత అవసరం? బొరుగులు యాడికీ పారిపోవు."

"ఆయన ఆఫీసుకు పోవాల నాయినా. టయిమైపోతా ఉంది. నీకు జల్లెడ ఇచ్చేసి, పైకి పోయి కాఫీ కలపాల."

జల్లెడ ఇచ్చి పైకి పరుగెత్తింది. మెట్లెక్కగానే ఆమె భాష మారిపోయింది. "కాఫీ ఇక్కడ పెట్టమంటారా, అక్కడికి తెమ్మంటారా అండీ?" అంది మొగుడితో. కింద ఒక గిరిజ, పైన ఇంకో గిరిజ. అదేం చిత్రమో అనుకోకండి, దానికో కారణం ఉంది.

ఆమె మొగుడు భీమేశ్వరరావుది యానాం. రోడ్ల ఆఫీసులో ఇంజనీరుగా బదిలీ మీద పాండిచ్చేరి వచ్చి, ఆ మేడ మీద వాటా అద్దెకు తీసుకున్నాడు. అద్దెకొచ్చినవాడు అల్లుడయ్యాడు. పెళ్ళయిన కొత్తలో గిరిజ 'యాడ' అన్నా, 'ఏంది' అన్నా పడీపడీ నవ్వేవాడు. "బొరుగులేంటోయ్, మరమరాలు అనాలి!" అని బుగ్గ గిల్లేవాడు. అతనికది సరదా. గిరిజకి మాత్రం తల కొట్టేసినట్టుండేది. మెల్లమెల్లగా పుట్టింటి మాటలన్నీ మెట్ల కిందే వదిలేసి పైకెళ్ళడం నేర్చుకుంది.

ఇప్పుడు ఆ వీధి మొత్తానికి నోట్లో నానుతున్న మాట ఒక్కటే, మేంపాలం. ఆఫీసువాళ్ళు ఫ్లైఓవరంటారు. పెద్ద మార్కెట్ దగ్గర మొదలై, ముత్తియాల్‌పేట ఇళ్ళ మీదుగా స్తంభాల మీద సాగి, ఊరు దాటాక కాలాపేట వెళ్ళే రోడ్డులో దిగుతుందట. దిగేచోట గేటు పెట్టి, బండికింతని సుంకం వసూలు చేస్తారట. కొందరికది గొప్ప, కొందరికి గుబులు. లోకనాథన్ ఇంట్లో మాత్రం ఆ మాటెత్తితే చాలు, మామ మూతి ముడుచుకునేవాడు, అల్లుడు లేచి మేడెక్కేసేవాడు. ఎందుకో గిరిజకి అంతుబట్టేది కాదు. ఒకరి ముఖం ఒకరు సరిగా చూసుకుని నెల దాటింది.

భీమేశ్వరరావు మోపెడ్ వీధి మలుపు తిరిగిన కాసేపటికే మారిముత్తు వచ్చాడు. రోడ్ల ఆఫీసులో పనివాడు, చేతిలో ఎర్ర పెయింటు డబ్బా. అటూ ఇటూ టేపు పట్టి, సరిగ్గా పొయ్యి వెనక గోడ మీద ఇంత పెద్ద అడ్డగుర్తు గీశాడు.

"ఏందిరా ఇది?" లోకనాథన్ చేతిలో గరిట ఆగిపోయింది.

"స్తంభం ఈడనే వస్తుంది అయ్యా. పొయ్యి తీసెయ్యాల."

"ఎవుర్ని అడిగి గీస్తా ఉండావు?"

మారిముత్తు బిత్తరపోయాడు. "ఈ ఇంటోళ్ళకు అభ్యంతరం లేదని మీ అల్లుడే పెద్ద ఇంజనీరుకి చెప్పినాడంట కదయ్యా! మీకు తెలీదా? ఇష్టం లేకపోతే ఆఫీసులో రేపు మధ్యాహ్నం దాకా వింటారు. వచ్చి చెప్పుకోండి."

"నా అల్లుడే నాకు గొయ్యి తవ్వినాక, ఆ ఆఫీసు గడప నేను తొక్కతానా?" అన్నాడు లోకనాథన్. ఆ పగలు బాణలిలో బొరుగులు మాడి మసయ్యాయి. ఆయన చేతిలో బొరుగులు మాడడం గిరిజ పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

సాయంత్రం మోపెడ్‌కి స్టాండు వేయకముందే మొదలైంది రభస.

"రండి ఇంజనీరు సార్, రండి! మీరు గీయించిన బొమ్మ చూసుకోండి. బాగా వచ్చిందా?"

గోడ మీద గుర్తు చూసి భీమేశ్వరరావు ముఖం నల్లబడింది. "అప్పుడే వేసేసేరా? సోమవారం అన్నారండి నాతో."

"సోమారమైతే నీకు బాగుండును! అంతదాకా నా ఇంట్లో నా కూడు తింటా ఉండొచ్చు!"

"మామయ్యగారూ, మాట తిన్నగా రానివ్వండి. మిమ్మల్ని అడిగేనండి నేను. ఇదే అరుగు మీద కూర్చుని అడిగేను. ఎదురుగా ఆ నూలు గోడౌను పాడుబడి ఖాళీగా ఉంది, ఫ్లైఓవరు గీత అటు జరపమని మా పెద్దాయనతో చెప్పమంటారా అని. మీరేగా వద్దన్నది?"

"నేనా? నా పొయ్యి పగలగొట్టమని నా నోటితో నేనే చెప్పినానా? ఒరేయ్, నాకేమన్నా పిచ్చి పట్టిందనుకొంటివా?"

అల్లుణ్ణి పట్టుకుని 'ఒరేయ్' అన్నాడు! అలివేలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అన్నమాట అనలేదనడం మా ఊళ్ళో అలవాటు లేదండి!" భీమేశ్వరరావు గొంతు వీధి చివరిదాకా వినిపించింది.

"మీ ఊరు! ఎప్పుడు చూసినా మీ ఊరు! మా మాట వింటే నవ్వు, మా తిండి చూస్తే నవ్వు. నవ్వినంత నవ్వి ఇప్పుడు నా నెత్తిన కార్లు తోలతావా? పైన పోయేటోడు గేటుకాడ గవర్మెంటుకు సుంకం కడతాడు. కింద నాకేంది? దుమ్ము!"

"నాయినా, నువ్వాగు. ఏమండీ, మీరైనా కాస్త..."

"నువ్వుండు మా!" అన్నాడు తండ్రి. "నువ్వు మాట్లాడకు!" అన్నాడు మొగుడు. ఇద్దరికీ కుదిరిన మాట ఆ సాయంత్రం అదొక్కటే.

"ఈ ఇంట్లో ఒక అబద్ధాలోడు ఉండాడు. వాడు నేను కాదు. రేపు పొద్దునకంతా పైన ఖాళీ కావాల," అన్నాడు లోకనాథన్.

"ఉండమన్నా ఉండమండి. కాలాపేటలో మా ఆఫీసాయన ఇంట్లో గదులున్నాయి. గిరిజా, సామాను సర్దు!"

ఇంత మాట అనేసి మేడెక్కిపోయాడు. గిరిజ వెనకే వెళ్ళింది. చీరలు మడతపెడుతూ, ఇక ఉండబట్టలేక అడిగింది.

"నిజంగా అడిగారా మా నాన్నని?"

"అమ్మతోడు. నువ్వూ అత్తయ్యగారూ గుడికెళ్ళిన రోజు. నా సాయం అక్కర్లేదని మొహం మీద కొట్టినట్టు చెప్పేడు. ఆ పక్కరోజే పెద్దాయన అడిగితే, అభ్యంతరం లేదుటండీ అని చెప్పేసేను. నన్నేం చెయ్యమంటావు?"

"నాతో ఒక్క మాట అనకూడదా?"

"మీ నాన్న నన్ను పురుగులా తీసిపారేశాడని నీతో చెప్పుకోనా?"

గిరిజ తండ్రి కోపిష్టే, మొండివాడే. కానీ అబద్ధం ఆడే మనిషి కాదు. మొగుడికి వెక్కిరింపు ఎక్కువే, కానీ అమ్మ మీద ఒట్టేసి అబద్ధమాడేంత నీచుడా? ఇద్దరిలో ఒకరు అబద్ధాలకోరు కాకపోతే ఈ లెక్క తేలదు. ఎవరైనా సరే, మట్టికొట్టుకుపోయేది తన బతుకే. కోపం ఇద్దరి మీదా వచ్చింది. పెట్టె మూత ధడాలున వేసింది.

మర్నాడు పొద్దున వాకిట్లో పెట్టెలు, పరుపుచుట్ట, గిన్నెల మూట. రిక్షా కోసం చూస్తూ భీమేశ్వరరావు వీధిలో నిలబడ్డాడు. లోకనాథన్ పొయ్యి దగ్గర ఇటు వీపు పెట్టి ఇసుక తిప్పుతూనే ఉన్నాడు. ఎర్ర గుర్తు ఆయన తల వెనకే కనబడుతోంది. వంటింటి గుమ్మంలో అలివేలు కళ్ళు తుడుచుకుంటూ నిలబడింది.

"ఏమయ్యా, ఇడ్లీ కుండ పొయ్యి మీద ఉంది. ఉడకద్దా? ఒట్టి కడుపుతో పోతారా బిడ్డలు? నువ్వొక మాట చెప్పరాదా?"

లోకనాథన్ తిరగలేదు. అటు తిరిగే అన్నాడు.

"అవసరం లేదని చెప్పు."

భీమేశ్వరరావు చేతిలో ఉన్న గొడుగు విసిరికొట్టాడు.

"విన్నావా గిరిజా? విన్నావా మీ నాన్న మాట? రెండిడ్లీలు తినే అవసరం కూడా లేదంట మనకి! కుక్కకైనా ఇంత ముద్ద పడేస్తారు కదే!"

"అయ్యో, అదేంది! తినొద్దని యాడన్నాడు? తొందర లేదు, కూర్చుని తిని పొమ్మని చెప్తా ఉండాడు!"

కోపంలో ఆమె నోట పుట్టింటి భాషే వచ్చేసింది. అతను ఈసారి నవ్వలేదు. అలాగే గుడ్లప్పగించి చూశాడు.

"తొందరా? అవసరం అంటే తొందరా?"

"ఆ! మా ఇంట్లో అంతే. ఈ ఊరంతా అంతే. అవసరంగా పోవాల అంటే తొందరగా పోవాలని. అవసరం లేదంటే..." గిరిజ ఆగిపోయింది. "ఏమండీ. ఆ రోజు అరుగు మీద మా నాయిన ఏమన్నాడు? ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

భీమేశ్వరరావు పెట్టె మీద కూలబడ్డాడు.

"అదే అన్నాడు. గీత జరపమని చెప్పమంటారా అంటే, అవసరం లేదు అన్నాడు."

పొయ్యి దగ్గర గరిట కిందపడింది. లోకనాథన్ ఇటు తిరిగాడు. మసి కొట్టుకున్న ముఖంలో కళ్ళొక్కటే కనిపిస్తున్నాయి.

"అవునయ్యా, అన్నాను! అవసరం లేదు అన్నాను, మెల్లగా ఆలోచించుకుని చెప్దామని! ఎదురింటి గోడౌను మనది కాదే, అటు జరిపితే వాళ్ళ ఉసురు పోసుకుంటామేమో, అలివేలుని ఒక మాట అడుగుదాం అనుకొంటిని. నువ్వు మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు. మూతి ముడుచుకుని తిరిగితివి. నా అల్లుడికి నా పొయ్యి మీద చూపులేదులే అని నేనూ బింకంగా ఉండిపోతిని!"

"నేనేమో నా సాయం మీకు అక్కర్లేదనుకున్నానండి." అన్నాడు భీమేశ్వరరావు. "ఇన్నాళ్ళూ మిమ్మల్ని లోలోపల ఎన్నేసి మాటలన్నానో!"

"నేను లోపల దాచుకోలేదు. నడివీధిలో ఒరేయ్ అన్నాను."

గిరిజకి ఏడుపు ముంచుకొచ్చింది. తను పైకెక్కి 'తొందర' అనేది, కిందికి దిగి 'అవసరం' అనేది. రెండు మాటలూ ఒకటేనని తెలిసినది ఈ ఇంట్లో తనొక్కతే. ఒక్కసారైనా మొగుడి ముందు సిగ్గుపడకుండా పుట్టింటి మాట మాట్లాడి ఉంటే ఆ గుర్తు ఆ గోడ మీద పడేదే కాదు.

భీమేశ్వరరావు గబాల్న లేచాడు. "మామయ్యగారూ, చొక్కా వేసుకోండి. మధ్యాహ్నం దాకా టైముంది. అభ్యంతరం లేదని చెప్పింది నేను, ఉందని కూడా నేనే చెబుతాను. నాకు చీవాట్లు పడితే పడనీండి."

లోకనాథన్ పొయ్యిలో నీళ్ళు చల్లి, ముఖం కడుక్కుని, పెట్టెలో చొక్కా తీసి వేసుకున్నాడు. మోపెడ్ వెనక ఎప్పుడూ ఎక్కని మనిషి, అల్లుడి భుజం పట్టుకుని ఎక్కాడు. ఇడ్లీలు అలాగే ఉండిపోయాయి. వచ్చిన రిక్షాని అలివేలే తిట్టి పంపేసింది.

ఎండ నడినెత్తికెక్కాక తిరిగొచ్చారు. తల్లీకూతుళ్ళు వీధిలోకి పరుగెత్తారు.

"ఏమైంది నాయినా?"

"సోమారం పెద్దాయనే వచ్చి చూస్తాడంట. ఆ గోడౌను సొంతగాడు తీసుకోండి మహాప్రభో అని ముందే అర్జీ పెట్టినాడంట. అటే జరుపుతాం పొమ్మన్నాడు." లోకనాథన్ అరుగు మీద కూర్చున్నాడు. "అది కాదు గిరిజా. అందరి ముందరా మీ ఆయన్ని కడిగేసినాడు ఆ పెద్దాయన. నెల కింద అభ్యంతరం లేదంటివి, ఇప్పుడెట్ల పుట్టుకొచ్చిందని. ఈయన ఏమన్నాడో తెలుసునా? తప్పు నాదే సార్, మా ఇంటి మాట నాకు అర్థం కాలేదు అన్నాడు. మా ఇల్లు అన్నాడు మా!"

అంత కోపిష్టి మనిషీ తువ్వాలు ముఖాన అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అలివేలు పక్కన కూర్చుని ఆయన వీపు నిమిరింది. భీమేశ్వరరావు ఏం చేయాలో తెలియక మోపెడ్ అద్దం తుడుస్తూ నిలబడ్డాడు.

"పెట్టెలు ఇంకా వాకిట్లోనే ఉండాయే! పైకి తీసుకుపోండి. ఇడ్లీ మళ్ళీ వెచ్చబెట్టు అలివేలూ," అన్నాడు లోకనాథన్ కళ్ళొత్తుకుంటూ.

గిరిజ గిన్నెల మూట పట్టుకుని దబదబా మెట్లెక్కసాగింది. కిందినుంచి కేక వినబడింది. తండ్రిది కాదు.

"మెల్లగా, గిరిజా! ఏంది అంత అవసరం?"

మెట్ల మధ్యలో ఆగి వెనక్కి చూసింది. పెట్టె భుజాన పెట్టుకుని భీమేశ్వరరావు పైకి వస్తున్నాడు. గిరిజకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.