దేవుడు లేని శుక్రవారం

అమావాస్య కాదు... అర్ధరాత్రి అంతకన్నా కాదు! నిప్పులు చెరిగే ఏప్రిల్ ఎండలో మిట్టమధ్యాహ్నం! దయ్యాలకు అర్ధరాత్రే అనుకూలమని ఎవరన్నారో గానీ, వాళ్ళెవరూ తార్నాకలో ఎండాకాలం గడిపి ఉండరు. సూర్యుడు నడినెత్తిన నిలబడి, మనిషి నీడ మనిషి కాళ్ళ కిందకే నక్కే ఆ వేళ... అదే అసలైన క్షుద్రఘడియ! యూనివర్సిటీ గుట్టల మీద బండలు సెగలు కక్కుతున్నాయి. కుక్కలకు మొరిగే ఓపిక కూడా లేదు. ఆ భీకర నిశ్శబ్దంలో, లాలాగూడ పాత కతోలిక గుడి గంటగోపురంలోంచి పట్టపగలు గుడ్లగూబ కూసింది... ఊఁ... హూఁ... అని. విన్నవాళ్ళు ఇద్దరే, అందులో ఒకరికి స్పృహ లేదు.

అది 1968, గుడ్‌ఫ్రైడే. గుడి పక్కతలుపు ముందు అమృతమ్మ నిలబడి ఉంది. గుంటూరు వైపు నుంచి పెళ్ళై వచ్చి రైల్వే క్వార్టర్లలో ఉండిపోయిన టీచరమ్మ. భర్త పోయాక కూతురే ఆమెకు లోకం. బలిపీఠాన్ని అలంకరించే పని ఆమెదే కాబట్టి పక్కతలుపు తాళంచెవి ఎప్పుడూ కొంగునే ఉంటుంది. ఆమె భుజం మీద వాలిపోయి ఉన్నది ఆ కూతురు, రూతు. ఆర్ట్స్ కాలేజీలో ఎం.ఏ. చదువుతున్న పిల్ల. చదువుతున్న అని అలవాటు కొద్దీ అన్నాను గానీ, క్రిస్మస్ సెలవులయ్యాక ఆ పిల్ల పుస్తకం ముట్టలేదు.

ముట్టింది రాళ్ళను!

రూతును పట్టింది జుట్టు విరబోసుకుని ఊగే పిశాచం కాదు. అలాంటిదైతే కొంత నయం, అరిచి అరిచి అదే పోయేది. ఇది పనిచేసే పిశాచం! మధ్యాహ్నం కాగానే పిల్ల కళ్ళు తేలవేసేది. పాతచీర పేలికను చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకునేది. పెరట్లో రాళ్ళను ఒక్కొక్కటే ఎత్తి ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు... సొమ్మసిల్లి పడేదాకా మోసేది! అరచేతులు పుళ్ళయ్యాయి. మెడ కుంగిపోయింది. "ఇగ నాతోని కాదు దొరా... జెర కూసుంట..." అని రూతుది కాని గొంతు రూతు నోట్లోంచి బతిమాలేది. మరుక్షణం ఎవరో వీపు మీద చరిచినట్టు ఉలిక్కిపడి మళ్ళీ రాయి ఎత్తేది. పెద్దాసుపత్రి డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి చూసి, ఈ ఎండాకాలం దాటదని చెప్పేశాడు. గుడి ఫాదర్ దానియేలు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తే ఒక్క పూట నిద్రపోయింది, అంతే.

తిరిగి తిరిగి అమృతమ్మ అరికాళ్ళు కాయలు కాచాయి. విసిగిపోయిన మనిషి ఎక్కడికి పోకూడదో చివరికి అక్కడికే పోతుంది. రోజూ జపమాల చెప్పుకునే ఆ ఇల్లాలు ముసుగేసుకుని, హబ్సిగూడ దారిలో బండల మధ్య గుడిసె వేసుకున్న రాజలింగు దగ్గరికి పోయింది!

ఎవడీ రాజలింగు? వాడికి ఎనభై ఏళ్ళు. చూస్తే నలభై అనిపిస్తాయి. వెంట్రుక నెరవదు, నడుం వంగదు! ఎలా వంగుతుంది? వాడు జన్మలో తన బరువు తాను మోస్తేగా! కలరాలో పోయినవాళ్ళను, దిక్కులేకుండా పూడ్చిన కూలివాళ్ళను మంత్రబద్ధులను చేసి, తన ముసలితనాన్ని, రోగాన్ని, చావును కూడా వాళ్ళ నెత్తినే పెట్టి మోయించుకుంటున్నాడు ఆ నికృష్టుడు. ఆ ప్రేతగణం మొత్తానికి పెద్ద లింగమ్మ. ఒకప్పుడు గుట్టల్లో బండలు మోసి, జ్వరంతో కూలి, అక్కడే మట్టిలో కలిసిన ఆడమనిషి. ఆమె కపాలం వాడి సంచిలో ఉంది. గుట్టల దారిన కాలేజీకి నడిచిపోయే రూతు మీదికి ఆమెను తోలింది కూడా వాడే! కూతురు మంచాన పడితే తల్లి తన కాళ్ళ దగ్గరికి వస్తుందని, తల్లి కొంగున గుడి తాళంచెవి ఉందని వాడికి తెలుసు.

గుడితో వాడికేం పని? చెబుతాను. క్రిస్మస్ రోజుల్లో వాడు అందరిలాగే చెప్పులు బయట విడిచి, గుడి చూసి పోదామని లోపలికి వచ్చాడు. నిజాము కాలంలో ఇటలీ ఫాదర్లు కట్టించిన గుడి అది. నీలం కప్పు నిండా బంగారు చుక్కలు... స్తంభాలకు బంగారు ద్రాక్షతీగలు... పీఠం వెనక గోడంతా నేల నుంచి కప్పు దాకా స్వర్ణమయం! దేవదూతల రెక్కలు, పునీతుల కిరీటాలు, మరియతల్లి చీర అంచు, అన్నీ దీపాల వెలుగులో ధగధగ మండుతున్నాయి. జనం నోళ్ళు తెరిచి చూస్తున్నారు. రాజలింగు మాత్రం చూడలేకపోయాడు. ఆ బంగారంలోంచి అన్ని కళ్ళూ వాడినే చూశాయి! తల పగిలిపోతుంటే చెప్పులు కూడా మరిచి పరుగెత్తాడు. కానీ గేటు దగ్గర పల్లీలమ్మే ఆవిడను కదిపి, దురాశతో ఒక సంగతి లాగాడు. ఈస్టరుకు ముందు ఆ స్వరూపాలన్నింటినీ ఊదారంగు బట్టలతో కప్పేస్తారు. గురువారం నుంచి గంటలు కొట్టరు. దీపం ఆర్పేసి, ప్రసాదం దాచే బంగారు పెట్టెను ఖాళీ చేసి తలుపు బార్లా తెరిచి పెడతారు. ఎందుకంటే శుక్రవారం నాడు వాళ్ళ దేవుడు చచ్చిపోతాడు! నిలువెత్తు చెక్క శవాన్ని పాడె మీద పడుకోబెట్టి ఊరంతా వచ్చి కాళ్ళు ముద్దుపెట్టుకుంటారు.

ఆ మాట విని రాజలింగు ఒళ్ళు పులకరించింది. శవసాధన వాడి విద్య. ఎన్ని పీనుగుల మీద కూర్చున్నాడో లెక్కలేదు. దేవుడి పీనుగ దొరకడం మాత్రం ఇదే మొదలు!

"టీచరమ్మా... అందరు పోయిన్రా?" గోడ పక్క నుంచి గొంతు వినిపించి అమృతమ్మ ఉలిక్కిపడింది. రాజలింగు నల్లపంచెలో, సంచి భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. ముఖాన చెమట చుక్క లేదు.

"పోయారయ్యా. సిలువమార్గం ఊరేగింపు తార్నాక దాకా పోయి రావాలి. మూడింటి దాకా ఎవరూ రారు. నా బిడ్డ బతుకుతుంది కదూ?"

"నేనున్న గద! దాని మీదున్నదాన్ని గా బొమ్మలల్లకు దించుత. దినమంత బొమ్మలకు ఏం పనున్నది? తియ్యి తాళం."

తలుపు కిర్రుమంది. లోపల చీకటి... బంగారమంతా ఊదాతెరల వెనక మునిగిపోయింది. స్తంభాల మధ్య ముసుగులు కప్పిన ఆకారాలు వరసగా నిలబడి ఉన్నాయి. పీఠం మీద బట్ట లేదు, పువ్వు లేదు. పెట్టె తలుపు నోరు తెరుచుకుని ఉంది. దాని ముందు పాడె మీద, తెల్లటి దుప్పటి కింద, చెక్కతో చెక్కిన ఆ మృతదేహం! రాజలింగు చుట్టూ చూశాడు. ఒక్క కన్ను కూడా లేదు! వాడు పకపకా నవ్వితే ఆ నవ్వు కప్పుకు తగిలి వెనక్కి వచ్చింది.

చకచకా పసుపు, సున్నం, నల్లబూడిదలతో మండలం గీశాడు. కపాలం తీసి నేలమీద పెట్టాడు. వేయించిన సెనగలు, సారాసీసా పక్కన పెట్టాడు, శవం నోరు తెరిచి ఆకలి అంటే పెట్టడానికి. రూతును లాగి పాడె తల వైపు పడుకోబెట్టాడు. తర్వాత... ఛీ, చెప్పడానికే నోరు రావడం లేదు... ఎగిరి ఆ దేహం రొమ్ము మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు!

"అయ్యో అయ్యో! ఆయన మీద కూర్చుంటారేంటండీ! దిగండి! దిగమంటున్నానా!" అమృతమ్మ ముందుకు ఉరికింది. ఉరకాలనుకుంది, అంతే. బూడిద గీత దగ్గరే పాదాలు నేలకు అతుక్కుపోయాయి. స్తంభన ప్రయోగం!

"పీనుగ మీద కూసోకుంట ఒళ్ళో కూసుంటరా? అరువకు!" రాజలింగు కళ్ళు చింతనిప్పులయ్యాయి. "ఇన్నేండ్లు కూలోళ్ళ పానాలతోని నెట్టుకొచ్చిన. ఆళ్ళు అరిగిపోతున్నరు. ఇగ దేవున్నే కట్టేస్త! నా బరువు వెయ్యేండ్లు దేవుడు మోస్తడు!"

ఓం హ్రీం... క్రీం... ఫట్! మంత్రం గుడి నాలుగు మూలలా బుసలు కొట్టింది. బయట ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది. ఫెళఫెళమని పిడుగు! రంగు అద్దాలు గలగలలాడాయి. ఊదాతెరలు గాలి లేకుండానే ఊగాయి. కపాలం కంటిగుంటల్లో ఎర్రటి మంట లేచింది. కానీ శవం మాత్రం ఏమీ అనలేదు. ఏ శవమైనా ఈపాటికి పళ్ళు పటపట కొరకాలి, అన్నం అడగాలి. "లే! అడుగు! ఏం గావాలెనో అడుగు!" రాజలింగు దాని భుజాలు పట్టి కుదిపాడు. ఆ చెక్కముఖంలో, వాలిన రెప్పల్లో, పగలంతా పనిచేసి పడుకున్న మనిషి అలసట తప్ప ఇంకేమీ లేదు.

"రక్తం పొయ్యంది కదలడు లెక్కున్నది!" వాడు సంచిలోంచి కత్తి దూశాడు. రూతు జుట్టు పట్టి మెడ వంచాడు. దీనికోసమా ఆ రాక్షసుడు తాళం తీయించింది! తన చేత్తో తన బిడ్డను తీసుకొచ్చి కత్తి కింద పెట్టింది తనే! ప్రార్థిద్దామంటే ఒక్క మాటా గుర్తు రావడం లేదు. ఏ పునీతుణ్ణి పిలవాలి? అందరూ ముసుగుల్లో ఉన్నారు. ఎవరున్నారు ఇవాళ ఈ గుడిలో?

ప్రతి ఆదివారం పిల్లల చేత వల్లెవేయించే విశ్వాసప్రమాణం ఒక్కటే నాలుక మీద మిగిలింది. అదైనా భక్తితో కాదు, ఎక్కం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది. ఆయన పుట్టాడు... పాట్లు పడ్డాడు... చనిపోయాడు... సమాధిలో పెట్టారు...

కత్తి పైకి లేచింది!

"...పాతాళానికి దిగాడు," అంది అమృతమ్మ. అని ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆ మాట అర్థం ఆమెకు ఇప్పుడే తగిలింది. చచ్చిపోయిన దేవుడు ఇవాళ ఊరికే పడుకుని లేడు. ఈ గుడిలో లేకపోతే, కింద ఉన్నాడు! దిక్కులేని చావులు చచ్చినవాళ్ళంతా ఎక్కడ మూలుగుతున్నారో... అక్కడ!

నేల అడుగు నుంచి ధన్... ధన్... ధన్... మని శబ్దం! పిడుగు కాదు. ఎవరో పెద్ద పెద్ద తలుపుల గడియలు విరగ్గొడుతున్నారు. రాళ్ళు పరిచిన నేల కంపించింది. గోపురంలో గుడ్లగూబ రెక్కలు కొట్టుకుంటూ ఎగిరిపోయింది. కపాలంలో ఎర్రమంట ఆరింది. రూతు పెదవులు కదిలాయి.

"కింద తలుపులు తెరిసిన్రు..." లింగమ్మ గొంతు! అందులో ఏడుపు లేదు, ఆశ్చర్యం ఉంది. "ఎవరో వచ్చిండు... ఒక్కొక్కల పేరు పెట్టి పిలుస్తుండు. నా పేరు సుత ఎరుకే ఆయనకు!"

"ఏయ్ లింగీ! యాడికే? ఎత్తు రాయి! ఎత్తు!" రాజలింగు గావుకేక పెట్టాడు.

"ఎత్తను. సచ్చినంక సుత మోసిన. ఇగ నీది నువ్వే మోస్కో." గొంతు మెత్తబడింది. "అక్కా... నీ బిడ్డను మస్తు తిప్పలవెట్టిన. మనసుల వెట్టుకోకు."

రూతు ఒళ్ళంతా ఒక నిట్టూర్పు విడిచి సడలిపోయింది. ఆ నిట్టూర్పు వెనక ఇంకొకటి... ఇంకొకటి... కనిపించని కూలిజనం గుంపులు గుంపులుగా బరువులు దించి పోతున్న చప్పుడు! దబ్బున ఏదో రాజలింగు భుజాన పడినట్టు అయింది. వాడు వంగాడు. మళ్ళీ దబ్... వీపు మీద! కత్తి చేతిలోంచి జారింది. వెంట్రుకలు క్షణంలో నెరిశాయి. పళ్ళు రాలాయి. చర్మం ముడతలు పడి వేలాడింది. ఏళ్ళ తరబడి పరుల నెత్తిన మోపిన అలసటంతా, ఆకలంతా, జ్వరాలన్నీ, చావులన్నీ... లెక్కతో సహా వాడి నెత్తికే తిరిగొచ్చాయి! వెన్నెముక పటపటమని విరిగిన చప్పుడు అమృతమ్మ విన్నది.

"జెర... జెర కూసుంట... ఎవరన్న పట్టుండ్రి..." వాడు పాడె మీదినుంచి జారి, నేలమీద డేకుతూ చెయ్యి చాచాడు. పట్టేవాళ్ళు ఎవరూ లేరు. వాడి కోసం మోసేవాళ్ళంతా వెళ్ళిపోయారు. ఆ చెయ్యి నేల మీద పడిపోయింది.

అమృతమ్మ పాదాలు వదులయ్యాయి. ఆమె పరుగెత్తలేదు, ఆ ఓపిక ఎప్పుడో అయిపోయింది. పాక్కుంటూ పోయి కూతురి తల ఒళ్ళో పెట్టుకుంది. రూతు కళ్ళు తెరిచింది. అవి రూతు కళ్ళే!

"అమ్మా, చేతులు మండుతున్నాయే," అంది పిల్ల. తల్లి బావురుమంది.

సిలువమార్గం ముగించుకుని, వానలో తడిసి, కాళ్ళీడ్చుకుంటూ జనం తిరిగి వచ్చేసరికి తల్లీకూతుళ్ళు అలాగే కూర్చుని ఉన్నారు. పాడె పక్కన ఎవరో పండుముసలివాడి శవం, చేత్తో ముట్టుకుంటే విరిగేంత ఎండిపోయి పడి ఉంది. ఫాదర్ దానియేలు గుమ్మంలోనే ఆగిపోయాడు. తడి కళ్ళద్దాలు తుడుచుకుని చూస్తే, అమృతమ్మ ఒక ఊదాబట్టలో ఏదో చుట్టి, పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని ఉంది. ఆమె జరిగిందంతా దాచకుండా చెప్పింది. రాజలింగు గుడిసెకు పోయిన సంగతితో సహా.

ఆయన ఆ మూట వైపు చూసి, "ఇదెవరిదమ్మా? మన సమాధుల దొడ్లో పెట్టాలంటే మనవాళ్ళు అడుగుతారు. ఏమని చెప్పను?" అన్నాడు.

"మా ఇంటి మనిషని చెప్పండి, ఫాదర్. క్రిస్మస్ నుంచి మా ఇంట్లోనే ఉంది," అంది అమృతమ్మ. మూట మీది బట్ట సర్దింది. "పేరు లింగమ్మ. చాలా అలిసిపోయింది. ఎవరూ లేపని చోటు చూసి పడుకోబెట్టండి."