అక్క తుడవడం మరిచిన టికెట్లు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఆరుగురం. హాల్లో పేపరు చదువుకుంటూ నాన్న జ్ఞానయ్య, వంటింట్లో అమ్మ మేరి, భోజనాల బల్ల చుట్టూ ల్యాప్‌టాప్‌లతో అక్క ఫేబే, ఆమె టీమ్ లీడర్ గోపినాథ్ భయ్యా, టీమ్‌లో ఇంకొకాయన లాయిడ్ భయ్యా. కర్టెన్ వెనకాల నేను, చెల్లెలు అబీని.

అబర్డీన్ బజార్‌లో వాళ్ళ ఆఫీసుకి కరెంటు పోయింది. షాదీపూర్‌లో మా ఇంటికి ఇన్వర్టర్ ఉంది. అందుకే ముగ్గురూ వానలో తడుస్తూ వచ్చేశారు. వాళ్ళు తయారుచేస్తున్నది మా దీవుల మధ్య తిరిగే బోట్లకి టికెట్లు తీసుకునే యాప్.

లాయిడ్ భయ్యా రాసిన కోడ్‌ని అక్క చూసి సరే అంటేనే అది యాప్‌లో కలుస్తుంది. అక్క ఎన్నడూ ఒక్క చూపుకే సరే అనలేదట. ఒక ఖాళీ లైను ఎక్కువుందని కూడా తిప్పి పంపిందట. ఇదంతా లాయిడ్ భయ్యాయే టీలో బిస్కెట్ ముంచుకుంటూ అమ్మకి చెప్పాడు. తనని బెంగళూరు టీమ్‌లోకి రమ్మన్నారని, సాయంత్రం ఐదింటిలోగా జవాబివ్వాలని కూడా చెప్పాడు.

"అక్కడ నా కోడ్ చూసి విసుక్కునేవాళ్ళు ఉండరు ఆంటీ."

అక్క తలెత్తలేదు. కానీ చాలాసేపు ఆమె వేళ్ళు కీబోర్డు మీద కదల్లేదు. అది నేనొక్కదాన్నే చూశాను.

నాలుగు దాటాక గోపినాథ్ భయ్యా కర్టెన్ వైపు చూశాడు. యాప్‌ని ముందెప్పుడూ చూడనివాళ్ళు ఒకసారి వాడి చూడాలట, అది వాళ్ళ పద్ధతట. అక్క ఫోన్ నా చేతికిచ్చి, నొక్కినదీ కనిపించినదీ అంతా గట్టిగా పైకి చెప్పమన్నాడు. ఎవరూ సాయం చేయకూడదు, మధ్యలో ఆపకూడదు. బళ్ళో ప్రార్థన చదవమన్నా గొంతు పెగలనిదాన్ని నేను.

'నా టికెట్లు' అని ఉంది. నొక్కాను.

"నీల్ ద్వీపం. ఇద్దరు. ఫేబే, లాయిడ్. సంబంధం, భార్యాభర్తలు."

అక్క కుర్చీ కిర్రుమంది. "అబీ, ఫోన్ ఇటివ్వు."

"ఆపకూడదు," అన్నాడు గోపినాథ్ భయ్యా. "చలో, చదువమ్మా."

"హావ్‌లాక్. ఫేబే, లాయిడ్. కిటికీ పక్క సీట్లు. భార్యాభర్తలు. రంగత్. ఫేబే, లాయిడ్..."

మొత్తం నలభై ఒకటి ఉన్నాయి. టికెట్ల మీద డిగ్లీపూర్ దాకా అన్నీ తిరిగొచ్చారు. చివరిది కూడా చదివేశాను.

"రద్దు చేసినవి, ఏమీ లేవు."

నాన్న పేపరు మడిచారు. అమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. యాప్ పరీక్షకి ఏవో పేర్లు వేయాలి కదా, తర్వాత తుడిచేద్దామనుకుని మరిచిపోయానని అక్క గోడకి చెప్పింది. మరి తన పేరు ఒక్కసారైనా ఎందుకు వేయలేదని గోపినాథ్ భయ్యా అడిగాడు. లాయిడ్ భయ్యా చెవులు ఎర్రబడ్డాయి.

నాన్న ఆయన్ని ఏ చర్చికి వెళ్తారని అడిగారు. ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మానాన్నల్ని తీసుకుని భోజనానికి రమ్మన్నారు. అది విని అక్క వరండాలోకి పారిపోయింది. అమ్మ లాయిడ్ భయ్యాకి గరిటెతో వరండా దారి చూపించింది.

ఐదింటికి ఇంకా పది నిమిషాలుంది. బెంగళూరుకి ఏం జవాబిస్తాడో తెలియకపోతే నాకు అన్నం సహించదు. చప్పుడు చేయకుండా గుమ్మం దాకా వెళ్ళాను.

"అన్నిసార్లు తిప్పి పంపావు. మరి ఈ టికెట్లేంటి?" అని అడుగుతున్నాడు.

అక్క చూరు నుంచి కారుతున్న నీళ్ళకేసి చూస్తూ మెల్లగా చెప్పింది. "సరే అంటే నువ్వు నీ సీట్లోంచి లేవవు. తిప్పి పంపితే, ఎందుకని అడగడానికి నా దగ్గరికి వస్తావు."

లాయిడ్ భయ్యా ఫోన్ తీసి, గబగబా ఏదో రాసి పంపేసి, అక్క ముందు పెట్టాడు. అక్క చదివి, నవ్వు ఆపుకోలేక తల ఇటు తిప్పింది. నేను కనిపించాను.

"ఏం రాశారు భయ్యా?" అన్నాను. అంత గట్టిగా నా గొంతు ఎన్నడూ రాలేదు.

"రానని," అన్నాడు నాతో. అక్క వైపు తిరిగి, "ఇక నువ్వు తిప్పి పంపకపోయినా వస్తాను," అన్నాడు.

దానికి అక్క ఏమందో నాకు తెలియదు. అంతకుముందే తలుపు నా ముఖం మీద వేసేసింది.