మొఖేథి దిండు కింద మాత్రలు

"మా ఆయన మాత్రలు దాచాడంటున్నారు. దాచలేదు! ఆ మాట ఎవరి ముందైనా అంటాను."

మసేరు పట్నంలో ప్రైవేటు డిటెక్టివ్ సెఖోన్యానా కుర్చీ చూపించినా మాపులెంగ్ కూర్చోలేదు. భుజాల మీది దుప్పటి బిగించి నిలబడే మాట్లాడింది. ఆమె భర్త మొఖేథి పాతికేళ్లు బంగారు గనిలో డ్రిల్లు పట్టినవాడు. ఇప్పుడు క్షయ ఆసుపత్రిలో ఉన్నాడు. గాలిగొట్టం ఇరుకై ఊపిరి ఈల వేస్తోంది. దాన్ని వెడల్పు చేయించాలంటే సరిహద్దు దాటించి పెద్దాసుపత్రికి పంపాలి. ఇంతలో అతని దిండు కింద పన్నెండు రోజుల మాత్రలు దొరికాయి. మందు మింగనివాణ్ణి పంపేది లేదన్నాడు డాక్టరు. శుక్రవారం బండి తప్పితే మళ్లీ రెండు నెలలకు. మొఖేథి ఊపిరి అన్నాళ్లు నిలిచేలా లేదు.

"మీ ఆయనేమంటాడమ్మా?"

"నోరు విప్పడు. మొండిఘటం."

సహాయకురాలు లినెయోకి ఆ మౌనమే అనుమానంగా తోచింది. సెఖోన్యానా మాత్రం టోపీ అందుకున్నాడు.

వార్డులో మొఖేథి పక్క మంచం లెబాకాది. ఇద్దరూ ఒకే గనిలో చేసినవాళ్లు.

"మాత్రలు ఎవరు పెట్టారన్నా?" అడిగాడు సెఖోన్యానా.

మొఖేథి కష్టం మీద గాలి లాగాడు. "తెలీదు."

"ఆయన్ని వదిలెయ్యండయ్యా, ఆయాసమొస్తది," అన్నాడు లెబాకా. అతని ముందు జొన్నపిండి ముద్ద ముట్టకుండా ఉంది.

"నువ్వు తినవేం?"

"కడుపులో ఇమడట్లేదు."

మంగళవారం నుంచి మూడు పొద్దులు ఆ రెండు మంచాల కింది మూత్రం సీసాలు చూసి రమ్మన్నాడు సెఖోన్యానా. ఇంత చదువు ఇందుకా అని లినెయో గొణిగింది గాని, వెళ్లింది. మూడు రోజులూ మొఖేథి సీసా నారింజ రంగు; లెబాకాది మంచినీళ్లలా తేట. గురువారం మధ్యాహ్నం మొఖేథి దిండు కింద మళ్లీ మూడు రోజుల మాత్రలు బయటపడ్డాయి.

శుక్రవారం ఉదయం అందరినీ మంచాల దగ్గర నిలబెట్టాడు సెఖోన్యానా.

"డాక్టరు గారూ, క్షయకిచ్చే ఎర్ర మాత్ర మింగితే మూత్రం ఏ రంగు?"

"నారింజ. నర్సులందరికీ తెలుసు."

"మరి సీసాలు చూసిందెవరు? ఈయన మూడు రోజులూ మింగాడు. దిండు కింద మూడు రోజులవి దొరికాయి. అవి ఎవరివో, ఎవరి సీసా తెల్లగా ఉందో చూడండి. ఊపిరిలో ఈల వచ్చేది మందు మానినందుకు కాదు. పుండు మానుతూ వదిలిన మచ్చ గొట్టాన్ని నొక్కుతోందేమో, అది మీరే చెప్పాలి."

డాక్టరు సీసాల వైపు వంగి చూశాడు. "మచ్చే అయ్యుండాలి," అన్నాడు.

లెబాకా ముఖం చేతుల్లో దాచుకున్నాడు. "మింగితే వాంతులు. ఒకసారి దొరికాను; ఇంకోసారి దొరికితే గెంటేస్తామన్నారు. ఇంత జబ్బు మనిషి దిండు ఎవరు వెతుకుతారనుకున్నా."

మాపులెంగ్ భర్త వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"తెలుసు," అన్నాడు మొఖేథి. "భూమి కింద... పక్కవాణ్ణి... పట్టివ్వం."

"ప్రాణం పోయినా?"

అతను కళ్లు దించలేదు. ఆ మొండితనం మీద లినెయోకి కోపమూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

బయట బండి హారన్ కొట్టింది. డాక్టరు జేబులోంచి కలం తీశాడు.

మాపులెంగ్ అతని దారికి అడ్డంగా నిలబడింది. "రాయండి. మా ఆయన్ని పంపే కాగితం ముందు. తర్వాత ఈ లెబాకాకి కడుపులో ఇమిడే మందు. రెండూ రాసేదాకా నేను కదలను, ఆ బండినీ కదలనివ్వను."