క్లియరెన్స్ రాని మేస్త్రీ

“గొడుగు తెచ్చారా?” అంది ఫోన్‌లో గొంతు.

“ఎండలోనే ఉన్నాను,” అన్నాడు ఏజెంటు.

అది కోడ్. ఆ గొంతు తన పై అధికారి పెద్దాయనదని ఏజెంటుకి ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ తెలుసు. అయినా రూలు రూలే. పైగా అతను నిజంగానే ఎండలో, రన్‌వే పక్కన నిలబడి ఉన్నాడు. పెట్టుడు మీసం కింద చెమట పట్టి ఒకటే దురద. ఒకప్పుడు పైలట్‌గా పనిచేశాడు కదా అని గూఢచారి డిపార్టుమెంటు అతన్ని నెలల తరబడి ఈ ఫ్లయింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టరు వేషంలో ఉంచింది. మొదట్లో స్టూడెంట్లు మాస్టారూ అంటుంటే బాగానే ఉండేది. ఇప్పుడు నడుం నొప్పి ఒక్కటే మిగిలింది.

పెద్దాయన బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించాడు. కాసేపట్లో రక్షణ మంత్రి విమానం ఇదే రన్‌వే మీద దిగుతుంది. విదేశీ ముఠా ఒకటి తమ పైలట్‌ని స్టూడెంట్ వీసా మీద ఈ స్కూల్లోకి దింపింది. ట్రైనింగ్ విమానంతో మంత్రి విమానాన్ని గుద్దించాలని ప్లాన్. ఆ పైలట్ ఎవరో కూడా తెలిసిపోయింది. మేస్త్రీ.

మేస్త్రీ పరాయి దేశం నుంచి వచ్చిన స్టూడెంటు. ఏళ్ల తరబడి తండ్రితో కలిసి ఇళ్లు కట్టినవాడు. సిమెంటు అతని వేలిముద్రల్ని తినేసింది. ఎన్నిసార్లు స్కాన్ చేసినా మసకే. వేలిముద్రలు పడకపోతే సెక్యూరిటీ క్లియరెన్స్ రాదు. క్లియరెన్స్ రాకపోతే విమానం ఎక్కనివ్వరు. ఎక్కకపోతే వీసా రద్దు. గడువు ఈ సాయంత్రమే.

“వేళ్లు కావాలనే అరగదీసుకున్నాడయ్యా. సంపెంగ రిపోర్టిచ్చింది,” అన్నాడు పెద్దాయన. “మనవాళ్లు బయల్దేరారు. తీసుకొచ్చాక నోరు విప్పించే పని మేం చూసుకుంటాం.”

క్లియరెన్స్ లేనివాడు విమానం ఎలా ఎక్కుతాడని ఏజెంటు అడిగాడు. దొంగిలిస్తాడని జవాబు వచ్చింది. ఏజెంటుకి మింగుడుపడలేదు. నేల మీద విమానాన్ని మలుపు తిప్పాలంటే కాళ్ల కింద పెడల్స్ తొక్కాలి. కొత్తవాళ్లందరూ అదేదో కారైనట్టు చేతిలోని స్టీరింగ్ తిప్పుతారు. సిమ్యులేటర్లో మేస్త్రీకి ఎన్నిసార్లు చెప్పినా అంతే. నాలిక కరుచుకుని, సారీ మాస్టారూ అని, మళ్లీ చేతులే తిప్పేవాడు. ఆ సంగతి చెబితే పెద్దాయన అదంతా నటన అని ఫోన్ పెట్టేశాడు.

సంపెంగ అన్నది కోడ్ పేరు. డిపార్టుమెంటు ఆ ముఠాలోంచే తనవైపు తిప్పుకున్న అందగత్తె. ఆమె కూడా ఇక్కడ విదేశీ స్టూడెంటు వేషంలోనే ఉంది. వీసా, క్లియరెన్స్ అన్నీ డిపార్టుమెంటే ఇప్పించింది కాబట్టి ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు. విమానాల గురించి ఓనమాలు కూడా రావని ఫైల్లో ఉంది. సిమ్యులేటర్ ఎక్కమంటే తల తిరుగుతుందని తప్పించుకునేది. వేషం నిలబడాలంటే ఒక్కసారైనా విమానం ఎక్కాలని, మొదటి పాఠం ఈ రోజు పెట్టించుకుంది.

ఏజెంటు ఆమెతో విమానం దగ్గరికి వెళ్తుంటే మేస్త్రీ వరండాలో లేచి నిలబడ్డాడు.

“నాది వచ్చిందా మాస్టారూ?”

“ఇంకా లేదు నాన్నా,” అన్నాడు ఏజెంటు. వాణ్ని పట్టుకెళ్లడానికి జీపు బయల్దేరిందని తెలిసి కూడా ఆ మాట అన్నందుకు సిగ్గేసింది.

ఇంజన్ స్టార్ట్ చేసి, కాస్త నడిపి చూడమని సంపెంగకి అప్పగించాడు. విమానం పసుపు గీత మీద తొణక్కుండా సాగింది. చక్కగా మలుపు కూడా తిరిగింది. ఏజెంటు నడుం సర్దుకుంటూ పక్కకి చూశాడు. ఆమె రెండు చేతులూ తీరిగ్గా ఒళ్లో ఉన్నాయి. నడిపేవి కాళ్లు.

ఓనమాలు కూడా రావని ఫైల్లో ఉన్న మనిషి కాళ్లవి.

“ఎక్కడ నేర్చుకున్నారు?”

“మీరే కదా చెప్పారు.”

“నేనింకా ఏమీ చెప్పలేదమ్మా.”

ఎదురుగా ఆకాశంలో మంత్రి విమానం చక్రాలు దించుతోంది. సంపెంగ బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసి అతని మొహానికి గురిపెట్టింది. అందులో ఒక్క బుల్లెట్ ఉంటుంది.

“మన స్టోర్స్ వాళ్లిచ్చిందేనా?” అన్నాడు ఏజెంటు.

ఆమె నొక్కింది. క్లిక్‌మంది. మళ్లీ నొక్కింది. మళ్లీ క్లిక్కే. స్టోర్స్ వాళ్లు అతనికిచ్చిన కెమెరా పెన్ను రాయను కూడా రాయదు.

ఆమె లిప్‌స్టిక్ విసిరేసి ఇంజన్ పవర్ పూర్తిగా పెంచింది. విమానం రన్‌వే మీదికి దూకబోయింది. ఏజెంటు ఇంధనం ఆపే ఎర్ర నాబ్ లాగి, తాళం చెవి పీకి, రెండు కాళ్లతోనూ బ్రేకు తొక్కాడు. రెక్కల ముందు గాలి ఒక్కసారి విసురుగా కొట్టింది. మంత్రి విమానం వాళ్ల ముక్కు ముందు నుంచే దిగి వెళ్లిపోయింది.

మేస్త్రీ కోసం వచ్చిన జీపులోనే ముఠా అసలు పైలట్ సంపెంగని ఎక్కించారు. పెద్దాయన ఫోన్లో మెడల్ గురించి ఏదో అనబోయాడు. తనకి మెడల్ వద్దనీ, మేస్త్రీ క్లియరెన్స్ సాయంత్రంలోగా రావాలనీ ఏజెంటు చెప్పాడు. పెద్దాయన గొణుక్కుంటూనే పంపించాడు.

పొద్దువాలేలోగా మేస్త్రీ నిజం విమానంలో కూర్చున్నాడు. ఆనందంతో కళ్లు తుడుచుకుని, రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, బస్సు డ్రైవరులా బలంగా తిప్పాడు. విమానం తిన్నగా గడ్డిలోకి పోయి ఆగింది.

“సారీ మాస్టారూ.”

ఏజెంటు ఊడిపోతున్న మీసాన్ని నొక్కుకుని చాలా రోజుల తర్వాత హాయిగా నవ్వాడు.

“పర్లేదు నాన్నా. నీ వల్ల దేశానికి ఏ ముప్పూ లేదు. గడ్డికే కాస్త జాగ్రత్త చెప్పాలి.”