తెల్లపువ్వు ఎవరి పక్షం

"ఈ చీర ఎవురు కడతారప్పా? గుమ్మానికి కట్టే బంతిపూలు తెచ్చి పెండ్లికూతురి కొంగున పెట్టినావే!"

అంజినప్ప తలెత్తి చూశాడు. చిక్కపేటలో బట్టల అంగడి ఓబళప్ప కూతురు మునిలక్ష్మి. నాయనకు క్యారియర్ తెచ్చి, అంజినప్ప దొడ్డబళ్ళాపురంలో నేసి అంగడికి తెచ్చిన పట్టుచీరకు వంక పెడుతోంది.

ప్రపంచయుద్ధం ముగిసిన ఏడాది అది. పట్టు దొరకడమే గగనం. అంజినప్పకు రోషం వచ్చింది.

"పసుపురంగు శుభం కాదా?"

"రంగు శుభమే. తలలో పెట్టుకోని పువ్వు కొంగున యాల?"

మరుసటి వారం అతను కనకాంబరాల డిజైన్ తెచ్చాడు.

"ఇది సరి. తొందరగా వాడదు. మాట తప్పనోళ్ళ పువ్వు," అంది మునిలక్ష్మి.

ఆ పై వారం సంపెంగలు.

"ఘాటెక్కువ. కోపిష్టోళ్ళ పువ్వు."

"అట్లైతే నీ పువ్వే!"

మూతి ముడిచి వెళ్ళిపోయింది. కానీ ఆ తర్వాత దొడ్డబళ్ళాపురం బస్సు వచ్చే రోజున, బస్సు వచ్చాకే ఓబళప్పకు భోజనం అందేది.

ఓ వానరోజు అంగడి చూరు కింద అతను కొత్త చీర విప్పాడు. కొంగు ఖాళీగా ఉంది.

"పువ్వేదీ?"

"ఏ పువ్వు వేయాల్నో పెండ్లికూతురే చెప్పాల."

"ఎవురు పెండ్లికూతురు?"

"నువ్వు సరే అంటే నువ్వే."

"వానలో వినపళ్ళే," అంది మునిలక్ష్మి, నవ్వు దాచుకుంటూ.

ఈసారి గట్టిగా చెప్పాడు. పక్క అంగడివాళ్ళకు కూడా వినబడింది.

అంజినప్ప తల్లి భాగీరథమ్మ సంబంధం మాట్లాడటానికి వచ్చింది. ఓబళప్పకూ నచ్చింది. అమ్మవారిని పువ్వు అడిగి ఖాయం చేద్దామనుకున్నారు. ఒక ఆకుపొట్లంలో తెల్లమల్లెలు, ఇంకోదాంట్లో ఎర్రగులాబీలు కట్టి అమ్మ ముందు పెడతారు; పూజారి చేతికి ఏది వస్తే అదే అమ్మ మాట. ఏ రంగుకు ఏ అర్థమో ముందుగా అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

పేటలోని గుడిలో పూజారి ఒక పొట్లం తీసి విప్పాడు. తెల్లమల్లెలు.

"అమ్మ ఒప్పుకునింది!" భాగీరథమ్మ చేతులు జోడించింది.

"ఎక్కడ ఒప్పుకునిందమ్మా?" ఓబళప్ప ముఖం పాలిపోయింది. "ఎరుపంటే కుంకుమ. తెలుపు వస్తే వద్దని!"

"మా ఊర్లో తెలుపంటే చల్లగా బతకమని. ఎరుపు వస్తేనే అమ్మకు కోపం!"

పూజారి తల గోక్కున్నాడు. "రెండు రకాలూ వాడుకలో ఉండాయి."

"ఇంకోసారి అడుగుదాం మామా," అన్నాడు అంజినప్ప.

"అమ్మను రెండుసార్లు అడిగేది లేదు," అంటూ ఓబళప్ప లేచాడు. "పద అమ్మీ."

మునిలక్ష్మి కదల్లేదు. పదిమందిలో నాయనకు ఎదురు చెప్పడం ఆమెకు అలవాటు లేదు.

"నాయనా, పెండ్లైనాక నేనుండేది ఎవురింట్లో?"

"వాళ్ళింట్లో."

"వాళ్ళ పండగలూ, వాళ్ళ వాడుకా నావే కదా? అట్లైతే ఆ పువ్వుకు వాళ్ళ అర్థమే నాది కూడా."

ఓబళప్ప కూతురి కళ్ళలోకి చూశాడు. "నీకు భయం లేదా అమ్మీ?"

"ఉండాది నాయనా. ఆ మనిషి లేకుండా బతకాల్నంటే ఇంకా భయంగా ఉండాది."

అంజినప్పకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఓబళప్ప తనే వెళ్ళి, పూజారిని అడిగి రెండో పొట్లం తీసుకున్నాడు. ఎర్రగులాబీ ఒకటి తీసి కూతురి జడలో తురిమాడు. మల్లెలు భాగీరథమ్మ చేతికిచ్చాడు.

"ఎరుపు మా ఇంటి ఆశీర్వాదం. మీ ఇంటిది మీరు పెట్టండమ్మా."

భాగీరథమ్మ మల్లెలు తురుముతుంటే, అంజినప్ప ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా మునిలక్ష్మినే చూశాడు. ఆమె కూడా తల దించుకోలేదు.